పాత తెలుగు సంగీత హాస్యచిత్రాల పునరుద్ధరణ: నల్లగొండ, పాలమూరు ప్రాంతాలు

పాటలూ పద్యాలూ నవ్వులూ కలగలిసి నడిచే పాత తెలుగు సినిమాలను శిథిలమవుతున్న ఫిల్ము నుంచి బయటికి తీసి, బొమ్మనూ శబ్దాన్నీ బాగుచేసి, ఇప్పటి ప్రేక్షకుల కోసం మళ్లీ తెర మీదికి తెచ్చే పని ఈ వ్యాస విషయం. కాలం ప్రధానంగా 1949 నాటి ‘గుణసుందరి కథ’ నుంచి 1960ల నడిమి దాకా. ప్రాంతం దక్షిణ తెలంగాణ ఎగువ నేలలు, అంటే ఉమ్మడి నల్లగొండ, ఉమ్మడి మహబూబ్‌నగర్ (పాలమూరు) జిల్లాలు. 2016 అక్టోబర్‌లో ఈ జిల్లాలు సూర్యాపేట, యాదాద్రి భువనగిరి, నాగర్‌కర్నూల్, వనపర్తి, జోగులాంబ గద్వాల పేర్లతో విడిపోయాయి. నారాయణపేట 2019లో వచ్చి చేరింది. సినిమా వ్యాపారానికి మాత్రం ఈ విభజనలతో పనిలేదు. నిజాం పాలన 1948లోనే పోయినా డిస్ట్రిబ్యూటర్ల లెక్కల్లో ఇవన్నీ ఈనాటికీ ‘నైజాం ఏరియా’యే.

సంగీత హాస్యచిత్రం అనే పేరుతో తెలుగులో విడిగా ఒక అర లేదు. పౌరాణికం, జానపదం, సాంఘికం అని మూడు అరలు పెట్టుకుని, నవ్వునూ పాటనూ మూడింటిలోనూ సర్దుకున్నాం. అందుకే ‘మాయాబజార్’ పౌరాణికాల అరలో కూర్చుంది. మహాభారతం పాత్రలే అయినా అందులో యుద్ధం లేదు, పాండవులు తెర మీదికే రారు. ఉన్నదల్లా ఒక పెళ్లి. డబ్బున్నప్పుడు కుదిరి, అది పోగానే చెడిపోయి, చివరికి నకిలీ పెళ్లికూతురితో అల్లరిపాలయ్యే పెళ్లి. ‘మిస్సమ్మ’ (1955), ‘అప్పుచేసి పప్పుకూడు’ (1959), ‘జగదేకవీరుని కథ’ (1961), ‘గుండమ్మ కథ’ (1962) కూడా ఈ బంధువర్గంలోవే. ఈ ఐదూ విజయా సంస్థ సినిమాలు కావడం కాకతాళీయమేమీ కాదు. నాగిరెడ్డి, చక్రపాణి నడిపిన ఆ సంస్థకు నవ్వించడమంటే పద్ధతిగా, లెక్కగా చేయాల్సిన పని.

గింబళి

పునరుద్ధరణ అనగానే అందరూ రంగుల గురించి, గీతల గురించి మాట్లాడతారు. పాత హాస్యచిత్రంలో ముందు బతికించాల్సింది మాట. ‘మాయాబజార్’ రచయిత పింగళి నాగేంద్రరావు చేసిన ఒక చిన్న చమత్కారాన్ని దగ్గరగా చూస్తే సంగతి తెలుస్తుంది.

తెలుగువాళ్లు మాటకు జంటమాట తగిలిస్తారు. పుస్తకం గిస్తకం, పెళ్లి గిళ్లి, కాఫీ గీఫీ. రెండో మాటకు అర్థం లేదు, ‘అలాంటివి’ అనే ఊపు మాత్రమే ఉంది. కౌరవుల విడిదికి మాయానగరం కట్టే రాక్షసులు ఆ ఊపును నిజం చేస్తారు. తల్పంతో పాటు గిల్పం అనే వస్తువు, కంబళితో పాటు గింబళి అనే వస్తువు తయారవుతాయి. కంబళి మీద నడిస్తే ఏమీ కాదు, గింబళి మీద అడుగుపెట్టినవాడి పని అయినట్టే. వ్యాకరణంలో నీడలా ఉండే మాటకు ఒళ్లూ కాళ్లూ మొలిపించి నవ్వించడం ఇది. ఇంగ్లీషు సబ్‌టైటిల్ ఎంత జాగ్రత్తగా రాసినా ఇక్కడ చేతులెత్తేయాల్సిందే.

నల్లగొండ, పాలమూరు శ్రోతకు ఇందులో ఒక అదనపు రుచి ఉంది. ఈ నేల మాటలో ‘గ’ అక్షరం ముందుకొచ్చి కూర్చోవడం రోజువారీ సంగతి. గిది, గది, గట్ల, గిప్పుడు. మద్రాసులో కూర్చుని కృష్ణా జిల్లా చెవితో రాసిన గింబళి ఇక్కడికి వచ్చేసరికి ఇంటి మాటలా వినిపిస్తుంది. పింగళి దీన్ని ఊహించి ఉండడు. సినిమా మాత్రం ఆంధ్రప్రదేశ్ ఏర్పడ్డాక ఐదు నెలలు కూడా నిండకముందే, 1957 మార్చి 27న, ఈ ప్రాంతానికీ కలిపి ఒకే భాషతో విడుదలైంది. కోస్తా యాసే ‘సినిమా తెలుగు’గా స్థిరపడుతున్న కాలం అది. ఆ యాసను ఇక్కడివాళ్లు పరాయిగా విన్న సందర్భాలు చాలా ఉన్నాయి, ఆ కోపానికి కారణాలూ ఉన్నాయి. ఈ రకం హాస్యం ఆ గీతను దాటిపోవడానికి కారణం, అది యాసల మీద ఆధారపడలేదు. తెలుగు వాక్యం నడిచే తీరు మీదే ఆడుకుంది. అస్మదీయులు, తస్మదీయులు అంటూ సంస్కృత సర్వనామాలను రాక్షసుల నోట పెట్టినప్పుడూ అంతే.

రంగులు

2007 నవంబర్‌లో హైదరాబాద్‌కు చెందిన గోల్డ్‌స్టోన్ టెక్నాలజీస్ ‘మాయాబజార్’తో సహా 14 తెలుగు సినిమాల నెగెటివ్ హక్కులు కొన్నది. ఆకాశవాణిలో పాత రికార్డింగులను డిజిటల్‌లోకి మార్చిన అనుభవం ఉన్న సి. జగన్‌మోహన్ దీనికి ఆలోచన ఇచ్చాడు. 165 మంది పనిచేశారు. రంగుల ‘మాయాబజార్’ 2010 జనవరి 30న డీటీఎస్ శబ్దంతో విడుదలైంది. మిగిలిన సినిమాలు రంగుల్లో రానేలేదు. నిర్మాతల్లో చాలామంది హక్కులను టీవీ ఛానళ్లకు అమ్మేసుకోవడంతో యాజమాన్యం చిక్కులు వచ్చాయి.

పని ఎంతటిదో ఒక్క లెక్క చాలు. సెకనుకు 24 ఫ్రేముల చొప్పున మూడు గంటల సినిమా అంటే 2,59,200 బొమ్మలు. ‘మాయాబజార్’ మూడు గంటలకు పైచిలుకే. ప్రతి బొమ్మనూ స్కాన్ చేసి, దుమ్ము, గీతలు, బూజు మరకలు, అతుకుల దగ్గర ఎగుడుదిగుళ్లు తీసేయాలి. ఆ తర్వాతే రంగు. తెలుపు నలుపు బొమ్మలో రంగు సమాచారమేమీ ఉండదు, బూడిదరంగు మెట్లే ఉంటాయి. కథానాయిక శశిరేఖ చీర ఎరుపా ఆకుపచ్చా అన్నది ఫిల్ము చెప్పదు. ఎవరో కూర్చుని నిర్ణయించాలి.

మార్కస్ బార్ట్లీ కెమెరా పని తెలిసినవాళ్లకు ఇక్కడే మనసు చివుక్కుమంటుంది. ఆయన వెన్నెలను వెలుగునీడలతో సృష్టించాడు. పడవ మీద రేవతి, బలరాముల దాకా ఒక్కో జంటా వచ్చిపోయే ఆ నది పాటలో వెన్నెల నీటి మీద వెండిలా మెరుస్తుంది. నీలం పూస్తే రాత్రి అన్న సంగతి తెలుస్తుంది, వెండి పోతుంది. రంగుల కూర్పులో కొన్ని పాటలు, పద్యాలు తగ్గిపోయాయి కూడా. ఇంత చెప్పినా, కొత్తతరాన్ని హాలుకు రప్పించింది రంగే అన్నది ఒప్పుకోవాలి. నలుపు తెలుపు అనగానే ఛానల్ మార్చేసే పిల్లలకు వేరే దారి లేదు. నా మటుకు ఆ విడుదలలో అసలు లాభం శబ్దం. గరగర తీసేసిన ట్రాకులో ఘంటసాల, లీల, సుశీల, మాధవపెద్ది సత్యం గొంతులు విడివిడిగా వినిపించడంతో మాటల చమత్కారం మళ్లీ తెలిసింది. సంగీతం కూడా ఒకరిది కాదు. సాలూరు రాజేశ్వరరావు కొన్ని బాణీలు కట్టి తప్పుకుంటే మిగతాది ఘంటసాల పూర్తిచేశాడు. శబ్దం తేటపడ్డాక ఆ రెండు చేతుల తేడా పట్టుకోవడం ఓ సరదా.

సావిత్రి మాయాశశిరేఖగా చేసిన నాట్యాన్ని ఈ శుభ్రమైన ట్రాకుతో చూడాలి. బయటికి పెళ్లికళతో సిగ్గుపడే అమ్మాయి, లోపల ఘటోత్కచుడు. పాట సుశీల గొంతులో హాయిగా సాగుతుంటే నడుమ మగగొంతు జతులు పొంగుకొస్తాయి. సావిత్రి భుజాలు ఒక్కసారిగా వెడల్పవుతాయి, అడుగు బరువెక్కుతుంది, మరుక్షణం చూపు కిందికి వాలి మళ్లీ పెళ్లికూతురైపోతుంది. ఘటోత్కచుడి వేషం వేసిన ఎస్.వి. రంగారావు నడకను ఆమె ఎంత దగ్గరగా గమనించిందో ఇక్కడ తెలుస్తుంది. పెళ్లిపీటల మీద లక్ష్మణకుమారుడైన రేలంగి పడే అవస్థ దీనికి కొసరు. ఈ నవ్వుకు రంగుతో సంబంధం లేదు.

హిందీలో ‘మొఘల్-ఎ-ఆజం’ 2004లో, ‘నయా దౌర్’ 2007లో రంగులద్దుకుని వచ్చాయి. తమిళుల ‘కర్ణన్’ సంగతి వేరు. అది పుట్టుకతోనే రంగుల సినిమా కాబట్టి 2012లో బొమ్మనూ శబ్దాన్నీ బాగుచేసి వదిలారు, బాగా ఆడింది.

ఈ నేల మనుషులు

దక్షిణ తెలంగాణ నుంచి ఈ సినిమాల్లోకి వెళ్లినవాళ్లలో మొదట చెప్పాల్సిన పేరు టి.ఎల్. కాంతారావు (1923–2009). కోదాడ దగ్గరి గుడిబండ ఆయన ఊరు. అప్పట్లో అది నల్లగొండ జిల్లా, ఇప్పుడు సూర్యాపేట. ‘ప్రతిజ్ఞ’ (1953)తో హీరో అయ్యాడు. విఠలాచార్య జానపదాల్లో కత్తి తిప్పి ‘కత్తి కాంతారావు’ అనిపించుకున్నాడు. ‘జయ విజయ’, ‘కనకదుర్గ పూజా మహిమ’, ‘గురువును మించిన శిష్యుడు’, ‘జ్వాలాద్వీప రహస్యం’ ఆ కోవలోవి. ‘లవకుశ’లో లక్ష్మణుడు, ‘నర్తనశాల’లో కృష్ణుడు కూడా ఆయనే. ఆత్మకథకు ‘అనగనగా ఒక రాకుమారుడు’ అని పేరు పెట్టుకున్నాడు.

పునరుద్ధరణ చర్చలో కాంతారావు సినిమాలది విచిత్రమైన పరిస్థితి. విజయా వారి సినిమాలకు పేరుంది, అభిమానులున్నారు, పత్రికల్లో వ్యాసాలున్నాయి. విఠలాచార్య జానపదాలు చిన్న ఊళ్ల నేల టికెట్టు ప్రేక్షకుల సొత్తు. కప్పగా మారే రాజకుమారుడు, దెయ్యాల గుంపు, వాటిని చూసి పారిపోతూ పాడే హాస్యగాడు, ప్రతి రెండు రీళ్లకూ ఒక పాట. కోదాడ, దేవరకొండ, అచ్చంపేట లాంటి ఊళ్లలో జనం ఎగబడి చూసింది వీటినే. కళాఖండాల జాబితాల్లో మాత్రం ఇవి కనిపించవు. గౌరవం లేని సినిమాకు నెగెటివ్ వెతికే ఓపిక ఎవరికి? యూట్యూబ్‌లో దొరికేది అరిగిపోయిన వీడియో కాపీ. ఆ కాపీలో కాంతారావు కత్తి ఒక తెల్లటి మసక.

తుంగతుర్తివాడు డాక్టర్ ఎం. ప్రభాకర్‌రెడ్డి (1935–1997) ‘చివరకు మిగిలేది’ (1960)తో తెరకెక్కాడు, తర్వాత ‘పండంటి కాపురం’ (1972) వంటి సినిమాలకు కథలందించాడు. సినీ కార్మికుల కోసం హైదరాబాద్ మణికొండలో వెలసిన చిత్రపురి కాలనీకి ఆయన పేరే పెట్టారు.

ఈ నేలకూ ఈ సినిమాలకూ ఇంకో ముడి వెనకనుంచి పడింది. 1946–51 నాటి తెలంగాణ సాయుధ పోరాటానికి నల్లగొండ గుండెకాయ. బుర్రకథ, గొల్లసుద్దులు అప్పుడు ఊరూరా తిరిగాయి. గొల్లసుద్దుల్లో కథకుడు, వంతలు ఒకరినొకరు ఆటపట్టిస్తూ, పాట మధ్య ఎకసెక్కం, ఎకసెక్కం మధ్య పాట నడుపుతారు. సుద్దాల హనుమంతు వంటి వాళ్లు దాన్ని దొరల మీద ఎక్కుపెట్టారు. ఆంధ్ర ప్రాంతంలో అదే ఉద్యమ గాలిలో నడిచిన ప్రజానాట్యమండలి నుంచి మిక్కిలినేని, అల్లు రామలింగయ్య సినిమాల్లోకి వచ్చారు. ‘మాయాబజార్’లో మిక్కిలినేని కర్ణుడు, అల్లు శర్మ. వంగర శాస్త్రి, అల్లు శర్మ కలిసి చేసిన బాకా ఊదుడు చూసినవాళ్లకు సుద్దుల వంతలు గుర్తుకు రావడంలో ఆశ్చర్యం లేదు.

ఈ తరానికి వస్తే ‘మహానటి’ (2018). ఉమ్మడి మహబూబ్‌నగర్ జిల్లా మూలాలున్న నాగ్ అశ్విన్ దర్శకుడు. అచ్చంపేట వైపు నుంచి వచ్చిన కుటుంబానికి చెందిన విజయ్ దేవరకొండ అందులో పత్రికా ఫొటోగ్రాఫర్. కీర్తి సురేశ్ సావిత్రిగా మాయాశశిరేఖ నాట్యాన్ని మళ్లీ చేసింది, అక్కినేనిగా ఆయన మనవడు నాగచైతన్య కనిపించాడు. సినిమా చూసి ఇంటికెళ్లి అసలు ‘మాయాబజార్’ వెతుక్కున్న కుర్రాళ్లు ఎందరో. పాత సినిమాను శుభ్రం చేయడం ఒక రకం పునరుద్ధరణ అయితే, దాని మీద ఆసక్తి పుట్టించడం ఇంకో రకం. రెండోదానికి ముందే జంధ్యాల దారి వేశాడు. ‘అహ నా పెళ్లంట’ (1987), ‘వివాహ భోజనంబు’ (1988), ‘చూపులు కలసిన శుభవేళ’ (1988), మూడు హాస్యచిత్రాల పేర్లూ ‘మాయాబజార్’ ఒక్క సినిమా పాటల నుంచే తెచ్చుకున్నాడు.

పెట్టెలో ఏముంది, కాగితం ఎవరిది

తెలుగు తొలి టాకీ ‘భక్త ప్రహ్లాద’ (1932) ఇప్పుడు లేదు. దానితోపాటు పోయినవి లెక్కలేనన్ని. పాత నైట్రేట్ ఫిల్ము నిప్పంటే భగ్గుమంటుంది. తర్వాత వచ్చిన ఎసిటేట్ ఫిల్ము వేడికీ తేమకూ కుళ్లి వెనిగర్ వాసన కొడుతుంది, ముడుచుకుపోతుంది. మద్రాసు ఉక్కపోతకు ఇంకా తొందరగా. నలుపు తెలుపు ఫిల్ములో వెండి ఉంటుంది కాబట్టి ఆట అయిపోయిన ప్రింట్లను వెండి కోసం కరిగించినవాళ్లూ ఉన్నారు. అంటే కొన్ని సినిమాలు కాలం వల్ల పోలేదు, కిలోల లెక్కన అమ్ముడుపోయాయి.

భద్రపరిచే వ్యవస్థలు ఆలస్యంగా వచ్చాయి. పూణెలో జాతీయ ఫిల్మ్ ఆర్కైవ్ 1964లో మొదలైంది. ముంబై కేంద్రంగా ఫిల్మ్ హెరిటేజ్ ఫౌండేషన్ 2014లో ఏర్పడి, 2019 డిసెంబర్‌లో హైదరాబాద్ అన్నపూర్ణ స్టూడియోస్‌లో ఫిల్ము పరిరక్షణ మీద శిక్షణ శిబిరం పెట్టింది. ముడుచుకున్న రీలును చేత్తో విప్పడం, ఫిల్ము అంచున చిరిగిన చిల్లులకు (పెర్ఫరేషన్లకు) అతుకు వేయడం అక్కడ నేర్పిన పనులు.

చట్టం ఇంకో చిక్కుముడి. భారత కాపీరైట్ చట్టం ప్రకారం సినిమాకు రక్షణ విడుదలైన మరుసటి సంవత్సరం మొదలు 60 ఏళ్లు. ఆ లెక్కన ‘మాయాబజార్’కు 2017తో గడువు తీరింది. పాటల సాహిత్యానికి, సంగీతానికి లెక్క వేరు. కర్త చనిపోయాక 60 ఏళ్లు. పింగళి 1971లో, ఘంటసాల 1974లో పోయారు. సినిమా చట్రం తెరుచుకున్నా అందులోని పాట ఇంకా తాళంలోనే ఉందన్నమాట. పైగా హక్కు తీరినంత మాత్రాన నెగెటివ్ పెట్టె ఎవరి చేతికీ రాదు. పెట్టె ఉన్నవాడిదే రాజ్యం.

ఫిల్ము పోవడం, దొరకడం అనే ఈ కథకు ప్రపంచంలో అద్దంలాంటి ఉదాహరణ యిడ్డిష్ సినిమా. తూర్పు ఐరోపా యూదుల భాష అది. జోసెఫ్ గ్రీన్ 1936లో పోలండ్‌లో తీసిన ‘యిడ్ల్ మితన్ ఫిడ్ల్’లో మాలీ పికన్ మగపిల్లాడి వేషం వేసుకుని ఫిడేలు వాయిస్తూ ఊళ్లు తిరుగుతుంది. కథ నడుమ ముసలి ధనవంతుడికి కట్టబెట్టబోయిన పెళ్లికూతురు ఈ వాద్యగాళ్లతో పారిపోతుంది. మారువేషం, చెడిన పెళ్లి, పాటలు. శశిరేఖకు దూరపు చుట్టమే. కొన్నేళ్లకే ఆ ఊళ్లూ ఆ మనుషులూ నాజీల చేతుల్లో తుడిచిపెట్టుకుపోయారు. అమెరికాలో బ్రాండైస్ విశ్వవిద్యాలయంలో ఉన్న నేషనల్ సెంటర్ ఫర్ జ్యూయిష్ ఫిల్మ్ 1976 నుంచి ఇలాంటి సినిమాలను వెతికి, బాగుచేసి, కొత్త ఇంగ్లీషు సబ్‌టైటిళ్లతో చూపిస్తోంది. అక్కడ ఫిల్ము దొరికింది, ఆ భాషలో నవ్వే హాలు నిండా జనం దొరకరు. మన దగ్గర కోట్లమంది నవ్వడానికి సిద్ధంగా ఉన్నారు, ఫిల్ము దొరకదు.

హాళ్లు

ఒకప్పుడు రీళ్ల డబ్బాలు పట్నం నుంచి బస్సు మీద దిగేవి. విజయవాడ రోడ్డు మీద నకిరేకల్, సూర్యాపేట, కోదాడ, కర్నూలు రోడ్డు మీద షాద్‌నగర్, జడ్చర్ల. చిన్న ఊరికి సినిమా చేరేసరికి ప్రింటు వాన పడుతున్నట్టు గీతలమయంగా ఉండేది, పాట నడుమ రెండు చరణాలు ఎగిరిపోయేవి. ఎగిరిపోయిన చరణాన్ని జనమే పాడుకునేవాళ్లు, పాటల పుస్తకం ఉండేది కదా. డిజిటల్ ప్రొజెక్షన్ వచ్చాక డబ్బా పోయింది, ప్రింటు ఖర్చు పోయింది. దాంతో పాత సినిమా మళ్లీ వేయడం తేలికైంది.

ఆ వీలును ముందు వాడుకున్నది స్టార్ల అభిమానులు. 2022 ఆగస్టులో మహేశ్ బాబు పుట్టినరోజుకు ‘పోకిరి’ 4కె ప్రింటు వేశారు. అప్పటి నుంచి రీరిలీజులు వరస కట్టాయి. ‘జగదేక వీరుడు అతిలోక సుందరి’ సరిగ్గా 35 ఏళ్లకు 2025 మే 9న మళ్లీ వచ్చింది. ఇవన్నీ పాతికేళ్లు, ముప్ఫై ఐదేళ్ల లోపు సంగతులు. నలుపు తెలుపు హాస్యచిత్రం అంత తేలిగ్గా ఈ వరసలోకి రాదు, కేకలేసే అభిమాన సంఘం దానికి లేదు. అక్కినేని శతజయంతికి 2024 సెప్టెంబర్‌లో ఫిల్మ్ హెరిటేజ్ ఫౌండేషన్ 10 సినిమాలను 25 నగరాల్లో వేసినప్పుడు ‘మిస్సమ్మ’, ‘మాయాబజార్’, ‘గుండమ్మ కథ’ మళ్లీ పెద్ద తెర చూశాయి. ఆ నగరాల్లో వరంగల్, కాకినాడ కూడా ఉన్నాయి. మల్టీప్లెక్స్ ఉన్న చోటికే ఇలాంటి పండగ వస్తుంది.

చిన్న ఊళ్ల హాళ్ల పరిస్థితి చెప్పుకోదగ్గది కాదు. ఎన్నో ఫంక్షన్ హాళ్లయ్యాయి. 2024 మేలో జనం రాక తెలంగాణలో సింగిల్ స్క్రీన్లు కొన్ని రోజులు మూతే పడ్డాయి. కొత్తవి లేవని కాదు. విజయ్ దేవరకొండ, ఏషియన్ సినిమాస్ కలిసి మహబూబ్‌నగర్‌లో కట్టిన ఏవీడీ మల్టీప్లెక్స్ 2021 సెప్టెంబర్ 24న తెరుచుకుంది. మొదటి సినిమా నాగచైతన్య నటించిన ‘లవ్ స్టోరీ’.

ఈ హాళ్లూ తెరలూ రాకముందే ‘మాయాబజార్’ కథ రంగస్థలం మీద ఉంది. 1936లోనే ‘శశిరేఖా పరిణయం’ టాకీగా వచ్చింది, అంతకు ముందు నుంచీ నాటక సమాజాలు ఆడుతూనే ఉన్నాయి. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో పుట్టిన సురభి నాటక కుటుంబాలకు ‘మాయాబజార్’ ఇప్పటికీ తప్పనిసరి ఆట. (కొల్లాపూర్ సంస్థానాన్ని ఏలిన సురభి వంశం వేరు, ఈ సురభి వేరు. పాలమూరులో ఈ పొరపాటు తరచూ జరుగుతుంది.) హైదరాబాద్‌లో స్థిరపడ్డ శ్రీ వేంకటేశ్వర నాట్యమండలిని నడిపిన ఆర్. నాగేశ్వరరావుకు 2013లో పద్మశ్రీ వచ్చింది. వాళ్ల ఆటలో డిజిటల్ ఏమీ లేదు. తెర వెనక మనిషి తాడు లాగుతాడు, ఘటోత్కచుడు గాల్లోకి లేస్తాడు. తాడు కనిపిస్తూనే ఉంటుంది, ముందు వరసలో పిల్లలు దాన్ని చూపిస్తూనే నవ్వుతారు.